దండెం మీది ఇంటర్నెట్

అద్దాలాయనకి కోపం ముక్కు మీదే ఉంటుంది. అదే ముక్కు మీద కళ్ళజోడుకి కూడా చోటు కావాలి కాబట్టి కోపం ఎప్పటికప్పుడు పైకి జరిగి నెత్తికెక్కుతుందని వాళ్ళావిడ అంటూ ఉంటుంది. ఆయన పని కళ్ళజోళ్ళ దుకాణంలో. వెనకగదిలో కూర్చుని అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాడు. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఒప్పుకోడు. పనిలో అది మంచి గుణమే. సాయంత్రం దాన్ని ఇంటికి కూడా తెచ్చుకుంటాడు, అదీ తంటా.

ఇంట్లో బ్రాడ్‌బ్యాండు పోయింది ఆ గుణం వల్లే. ఒకరోజు డబ్బా మీద పచ్చ దీపం ఆరి ఎర్ర దీపం వెలిగింది. ఆయన కంపెనీకి ఫోన్ చేశాడు. "మీ కాల్ మాకెంతో విలువైనది" అని ఒకావిడ తియ్యగా చెప్పి, పాట పెట్టి వెళ్ళిపోయింది. పాట అయిపోయి, మళ్ళీ మొదలై, చివరికి ఒకబ్బాయి పలికి, "మా మనిషి రేపొస్తాడు సార్, మీరు ఇంట్లోనే ఉండండి" అన్నాడు. అద్దాలాయన సెలవు పెట్టి, ఉతికిన చొక్కా తొడుక్కుని, పెళ్ళివారి కోసం ఎదురుచూస్తున్నట్టు కూర్చున్నాడు. పిట్ట కూడా వాలలేదు. మర్నాడూ అంతే. ఆ సాయంత్రం ఫోనుకి ఒక సందేశం మాత్రం వచ్చింది. "మీ సమస్య పరిష్కరించబడింది. మా సేవ మీకెలా అనిపించిందో చెప్పండి."

అద్దాలాయన ఏమీ చెప్పలేదు. ఫ్రేముల మేకులు కత్తిరించే కటింగ్ ప్లయరు తీసి, తీగ గోడలోంచి ఇంట్లోకొచ్చే చోట కటుక్కున కోసేశాడు.

కోసిన చేతిని ఇంకా కిందికి దించలేదు, తలుపు చప్పుడైంది. భుజాన సంచీ, చేతిలో నిచ్చెన, కంపెనీ మనిషి.

"తీగ ఎవరు కోశారండీ?" అన్నాడతను వంగి చూసి.

"ఎలకలు."

"ఇంత నున్నగానా?"

"మా ఇంట్లో ఎలకలు కూడా పని శుభ్రంగా చేస్తాయి. మీ కంపెనీలాగా కాదు," అన్నాడు అద్దాలాయన. "నా కంఠంలో ప్రాణం ఉండగా మీ తీగ ఈ గుమ్మం తొక్కదు. వెళ్ళిరా నాయనా."

వాళ్ళావిడ వంటింటి గుమ్మంలో నిలబడి ఇదంతా చూసింది. "ఏమండీ, ఒక్కమాట..." అని మొదలుపెట్టింది. ఆయన "నువ్వు మధ్యలో రాకు" అన్నాడు. ఆవిడ ఊరుకుంది. ఊరుకుంటే ఒప్పుకున్నట్టేనని పెళ్ళైన నాటినుంచీ ఆయన లెక్క.

తర్వాత ఏం చెయ్యాలో చెప్పడానికి బామ్మర్ది ఉన్నాడు. తన ఇంట్లో కారే కుళాయి ఏడాదిగా కారుతూనే ఉంటుంది గానీ, పరాయి ఇళ్ళ సమస్యలకి అతని దగ్గర ఎప్పుడూ మందు సిద్ధం.

"బావా, ఇంకా తీగలేంటి బావా, పాతకాలం!" అన్నాడు ఫోన్లో. "ఓ పాత ఫోన్ తియ్యి, కొత్త సిమ్ము వెయ్యి, హాట్‌స్పాట్ ఆన్ చేసి ఓ మూల పడెయ్. ఇల్లంతా ఇంటర్నెట్టే. ఒకడి కాళ్ళు పట్టుకోనక్కర్లేదు."

ఆ చివరి మాట అద్దాలాయనకి అమృతంలా అనిపించింది. వెంటనే పాత ఫోన్ తీసి, దుమ్ము తుడిచి, సిమ్ము వేశాడు. పడేద్దామంటే మూలే దొరకలేదు. పడగ్గదిలో సిగ్నల్ ఒక గీత. వంటింట్లో రెండు. ఫ్రిజ్ మీద పెడితే మూడు, ఫ్రిజ్ తలుపు తీస్తే ఒకటి. అన్నిటికంటే బాగా వచ్చింది స్నానాలగది కిటికీలో. దాంతో ఇంట్లో ఎవరైనా స్నానానికి వెళ్ళినప్పుడల్లా ఫోను ఆవిరికి వేడెక్కి, తక్కిన ఇద్దరికీ ఇంటర్నెట్ ఆగిపోయేది. ఆ పైన రోజు కోటా ఒకటి. వాళ్ళ పాప బడినుంచి వచ్చి రెండు పాఠాల వీడియోలు చూసేసరికి ఆనాటి డేటా హుష్‌కాకి. ఆ తర్వాత తెర మీద చక్రం తిరుగుతూ ఉండేది, దాన్ని చూస్తూ ముగ్గురూ కూర్చునేవాళ్ళు.

"కొంచెం ఓర్చుకోవాలి," అనేవాడు అద్దాలాయన, ఏదో స్వాతంత్ర్యం తెచ్చిపెట్టినవాడిలా.

అసలు చోటు దొరికింది ఆయన మతిమరుపు వల్ల. ఒక మధ్యాహ్నం ఆయన దుకాణం కోటుని గాలికి ఆరేసి, ఫోను ఎక్కడ పెట్టానా అని ఇల్లంతా వెతుకుతున్నాడు. ఎంత వెతికినా ఫోను లేదు, కానీ ఇంట్లో ఇంటర్నెట్ మాత్రం ఏనాడూ లేనంత జోరుగా వస్తోంది. చివరికి చూస్తే ఫోను కోటు జేబులో ఉంది. కోటు దండెం మీద, గాల్లో ఉంది.

ఆ దండెం సంగతి చెప్పాలి. వీళ్ళది మూడో అంతస్తు. ఎదురుగా ఇంకో భవనం, మధ్యలో ఇరుకు వాకిలి. వీళ్ళ కిటికీ దగ్గరొక కప్పీ, ఎదురు కిటికీ దగ్గరొక కప్పీ, రెండిటినీ చుట్టుకుని ఒకే తాడు. కిటికీలో నిలబడి బట్ట తగిలించి తాడు లాగితే బట్ట ముందుకు సాగిపోతుంది. సరిగ్గా సగం దూరం పోయాక, రెండు భవనాల సందులోంచి దూరంగా ఉన్న టవర్ కనిపిస్తుంది. కాస్త ఇటు జరిగినా, అటు జరిగినా గోడే. అద్దం నడిబొడ్డు గుర్తించడంలో పండిపోయిన మనిషికి తాడు నడిబొడ్డు ఒక లెక్కా? అక్కడ ఎర్ర రంగుతో చుక్క పెట్టాడు. ఫోనుని క్లిప్పుల సంచీలో వేసి, వానకి తడవకుండా కవరు చుట్టి, చుక్క దగ్గర వేలాడదీశాడు. నాలుగు గీతలూ నిండుగా వచ్చాయి. కప్పీ కిర్రుమంటోందని నూనె కూడా వేశాడు.

ఇబ్బందల్లా తాడుకి రెండో కొసన ఉన్న మనిషితోనే. ఎదురింట్లో ఉండేది దుప్పట్లావిడ. దగ్గర్లోని లాడ్జికి దుప్పట్లు ఉతికి ఇస్తుంది. ఒకప్పుడు ఆవిడ ఎర్ర దుప్పటి రంగు కారి అద్దాలాయన తెల్లకోట్లు రెండూ గులాబీరంగు తేలాయి. ఆయన కిటికీలోంచి, "చూపు ఆనట్లేదా అమ్మా? మా దుకాణానికి రండి, మంచి అద్దాలు బిగిస్తా!" అని అరిచాడు. ఆవిడ తక్కువ తిన్నదా? "ముందు నోటికి ఏదన్నా బిగించుకోండి!" అంది. అప్పట్నుంచీ రెండిళ్ళ మధ్య మాటల్లేవు. అద్దాలాయన వాళ్ళావిడ అటూ ఇటూ రాయబారం నడిపి, తాడుని పూటలుగా పంచింది. పొద్దున్న ఆవిడది, మధ్యాహ్నం వీళ్ళది. అద్దాలాయన అంతటితో ఒప్పుకోక ఇంకో షరతు పట్టుబట్టి పెట్టించాడు. వాన పడి ఎవరి పూటైనా పాడైతే, తర్వాతి పూట వాళ్ళదే. ఇంత పకడ్బందీ షరతు పెట్టినందుకు అప్పట్లో తన భుజం తనే తట్టుకున్నాడు.

ఇలా ఉండగా ఒక సాయంత్రం వాళ్ళావిడ అసలు కబురు చెప్పింది.

పాప పుట్టకముందు ఆవిడ సభల్లో టైపు చేసేది. మామూలు టైపు కాదు. ఎవరైనా మాట్లాడుతుంటే వింటూ, అదే వేగంతో కొడుతుంది. చెవులు వినపడనివాళ్ళు ఆ మాటల్ని అప్పటికప్పుడు తెర మీద చదువుకుంటారు. ఊపిరాడని పని, ఆవిడకి ప్రాణమైన పని. పాప పుట్టాక మానేసింది, మళ్ళీ పిలిచినవాళ్ళు లేరు. ఇప్పుడా పని ఇంట్లో కూర్చునే చెయ్యొచ్చట. దరఖాస్తు పెడితే పరీక్షకి పిలిచారు. వచ్చే వారం, మధ్యాహ్నం పూట, నిజంగా జరుగుతున్న సభ ఒకటి వినిపిస్తారు. లైను తెగితే మాటలు పోతాయి. మాటలు పోతే ఉద్యోగం పోతుంది. ఇంకోసారి పిలవరు.

"నాకు చాలా భయంగా ఉందండీ," అంది ఆవిడ. "ఇది పోతే ఇంక నా మొహం ఎవరూ చూడరు. అందుకని ఎదురింట్లో..."

"ఎదురింటి మాట నా దగ్గర ఎత్తకు!" అన్నాడు అద్దాలాయన. "నేనుండగా నీకు భయమేంటి? సెలవు పెడతాను. ఫోను నిండా ఛార్జింగ్ పెడతాను. ఆ రోజు కోటా మొత్తం నీకే. పాప కూడా ముట్టుకోదు. తాడు దగ్గర నేను కాపలా. సరేనా?"

ఆవిడ ఆయన మొహం చూసింది. ఉత్సాహంతో వెలిగిపోతోంది. "సరే," అంది.

పరీక్ష రోజు పొద్దున్నే పెద్ద వాన. అద్దాలాయన కిటికీలోంచి మబ్బుల్ని తిట్టి, మళ్ళీ బతిమాలి, మళ్ళీ తిట్టాడు. భోజనాల వేళకి వాన వెలిసి ఎండ ఫెళ్ళున కాసింది. "చూశావా, ఆకాశం కూడా మన వైపే," అన్నాడు. సంచీని చుక్క దాకా నడిపించి, నాలుగు గీతలూ వచ్చాయని మూడుసార్లు చూసుకున్నాడు. వాళ్ళావిడ కిటికీ పక్కన బల్ల ముందు కూర్చుని, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుంది.

"రెండు చేతులూ టైపులో ఉంటాయి, మాట్లాడలేను," అంది. "నెట్టు పోతే కాలితో నేల మీద కొడతాను. ఒకసారి కొడితే నెమ్మదించిందని. దబదబా కొడితే పోయిందని."

సభ మొదలైంది. ఎవరో పెద్దమనిషి తేనెటీగల పెంపకం గురించి మాట్లాడుతున్నాడు. ఆ పెద్దమనిషి వాక్యం మొదలుపెట్టడమే గానీ ముగించడం ఎరగడు. వాళ్ళావిడ వేళ్ళు కీబోర్డు మీద పరుగులు తీస్తుంటే, తెర మీద రాణి ఈగలూ కూలి ఈగలూ బారులు తీరుతున్నాయి. అద్దాలాయన గర్వంగా మీసం దువ్వుకున్నాడు.

అప్పుడు సంచీ కదిలింది.

మొదట గాలి అనుకున్నాడు. సంచీ మళ్ళీ కదిలింది. తనంత తానే, అలిగి పుట్టింటికి బయల్దేరినట్టు, చుక్క దగ్గర్నుంచి ఆయన కిటికీ వైపు వచ్చేస్తోంది. ఎదురుగా చూస్తే దుప్పట్లావిడ. ఒక తడి దుప్పటి తగిలించి తాడు లాగింది. ఇంకోటి తగిలించి మళ్ళీ లాగింది. పక్కన గంపలో కొండంత దుప్పట్లున్నాయి.

నేల మీద ఒక దెబ్బ పడింది. వెంటనే దబదబా మోగింది.

"ఇది మా పూట!" అని అరవబోయాడు అద్దాలాయన. నోరు తెరిచాక పొద్దుటి వాన గుర్తొచ్చింది. పొద్దున్న ఆవిడ పూట వాన పాలైంది. కాబట్టి ఈ పూట ఆవిడదే. షరతు ఎవరిదంటే, ఈయనదే! అరవడానికి ఒక్క ముక్క కూడా మిగల్లేదు.

అరవలేనివాడు తాడు పట్టుకుని వెనక్కి లాగాడు. సంచీ బుద్ధిగా చుక్క దగ్గరికి వెళ్ళింది, నేల మీద దెబ్బలు ఆగాయి. కానీ తాడు ఒకటే కదా. అటువైపు రెండు తడి దుప్పట్లూ తిరుగుప్రయాణం కట్టి, కిటికీలో వంగి ఉన్న దుప్పట్లావిడ మొహాన ఛళ్ళున తగిలాయి. ఆవిడ దుప్పటి తొలగించి చూసింది. చీర కొంగు బిగించి ఒక్క లాగు లాగింది. సంచీ ఇటొచ్చింది. దబదబా. ఈయన లాగాడు. ఛళ్ళున. ఆవిడ లాగింది. దబదబా. నూనె వేసిన కప్పీ కనక ఎవరు లాగితే వాళ్ళ మాట వింటోంది. కింద వాకిట్లో పోతున్న పోస్టుమాన్ తలెత్తి నిలబడిపోయాడు. మూడో అంతస్తులో ఇద్దరు పెద్దవాళ్ళు, మాటా పలుకూ లేకుండా, పళ్ళు బిగించి తాడాట ఆడుతున్నారు.

ఒక లాగుకి ఆయన వెనక్కి తిరిగి వాళ్ళావిడని చూశాడు. ఆవిడ చేతులు కీబోర్డు మీద ఆగిపోయి ఉన్నాయి. కళ్ళనిండా నీళ్ళు. అరవట్లేదు, తిట్టట్లేదు, తెర వైపే చూస్తోంది. దాంతో అద్దాలాయన పౌరుషమంతా ఒక్కసారిగా నీరుగారిపోయింది. తాడు వదిలేశాడు. మెట్లు దిగి, వాకిలి దాటి, ఎదురు మెట్లు ఎక్కి, నిప్పు తొక్కిన కోతిలా దుప్పట్లావిడ తలుపు ముందు తేలాడు.

ఆవిడ తలుపు తీసింది. జుట్టులోంచి సబ్బునీళ్ళు కారుతున్నాయి. "ఏంటి బాబూ, తాడో పేడో తేల్చుకోడానికి వచ్చారా? వాన పడితే పూట నాదని షరతు పెట్టింది మీరే."

"నేనే."

"మరి?"

"తప్పు నాదే అక్కయ్యగారూ."

"ఆఁ? ఏమన్నారు?"

"తప్పు నాదే అన్నాను."

"అక్కయ్యగారూ అని కూడా ఏదో అన్నట్టున్నారు."

"అక్కయ్యగారూ, తప్పు నాదే! కోట్ల దగ్గర కూడా నాదే! కారింది మీ దుప్పటే అయినా తప్పు నాదే! మా ఆవిడకి పరీక్ష జరుగుతోంది, ఆ సంచీలో ఉన్నది క్లిప్పులు కాదు, మా ఇంటర్నెట్టు!"

దుప్పట్లావిడ మొహం మారిపోయింది. "పరీక్షా? ఇవాళా? ముందే చెప్పి చావరేం!" అని కిటికీ దగ్గరికి పరిగెత్తింది. దుప్పట్లు చకచకా తీసేసి, తాడు లాగి సంచీని చుక్క దగ్గరికి పంపింది. లాగి లాగి కప్పీ సడలిందేమో, చెయ్యి తియ్యగానే తాడు జారింది. "పట్టుకోండి!" అంది. అద్దాలాయన రెండు చేతులా పట్టుకున్నాడు. "ఎలాగూ ఊరికే నిలబడ్డారు," అని ఆవిడ తడి దుప్పట్లు తెచ్చి ఆయన భుజాల మీద ఒక్కొక్కటే పరిచింది.

సభ అయ్యేదాకా ఆయన అలాగే నిలబడ్డాడు. చొక్కాలోకి నీళ్ళు దిగుతున్నాయి. ఎదురుగా తన ఇంటి కిటికీ, అందులో తన భార్య. అటువైపు నుంచి ఆవిడని ఆయన ఎన్నడూ చూడలేదు. వంచిన తల ఎత్తకుండా, కనుబొమలు ముడేసి, పెదవులు కదుపుతూ కొట్టుకుపోతోంది. అంత గట్టి మనిషి తన ఇంట్లో ఉన్నట్టు ఇన్నాళ్ళూ తెలియనందుకు అద్దాలాయనకి సిగ్గేసింది.

"మీ ఆవిడ చెప్పనే చెప్పింది, ఏదో పరీక్ష ఉందని," అంది దుప్పట్లావిడ గంప మీద కూర్చుంటూ. "ఇవాళేనని చెప్పలేదు."

"మీతో మాట్లాడుతుందా?"

"మీరు దుకాణానికి వెళ్ళగానే రోజూ కిటికీలో కబుర్లే. మాటల్లేనిది మీకూ నాకూ కదా, ఆవిడకేం?" అంది. "మా ఇంట్లో తీగ ఉంది, ఇక్కడ కూర్చుని రాస్తానని అడిగింది. రా తల్లీ, గది ఖాళీ చేసి పెడతానన్నాను. మళ్ళీ తనే వద్దంది. మా ఆయన నాకోసం ఇంత హడావిడి పడుతున్నాడు పిన్నీ, ఇప్పుడు మీ ఇంటికొస్తే చిన్నబుచ్చుకుంటాడు అంది."

అద్దాలాయన తాడుని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు.

సభ ముగిసింది. వాళ్ళావిడ హెడ్‌ఫోన్లు తీసి, తలెత్తి, ఎదురు కిటికీలో దుప్పట్లు కప్పుకుని నిలబడ్డ మొగుణ్ణి చూసింది. నవ్వలేదు.

ఆయన తడుస్తూ ఇంటికొచ్చేసరికి పరీక్ష పెట్టినవాళ్ళ జవాబు కూడా వచ్చేసింది.

"ఏమైంది? ఏమన్నారు? చూశావా, నేను గనక సమయానికి వెళ్ళకపోతే..."

ఆవిడ చెయ్యెత్తింది. ఆయన ఆగాడు.

"తీసుకున్నారు," అంది. "లైను తెగిన చోట, ఇక్కడ మాటలు నాకు వినపడలేదు అని ఉన్నదున్నట్టు రాశాను. మిగతావాళ్ళు వినపడకపోయినా ఏదో ఒకటి అల్లేస్తారట. మీరు అల్లలేదు కాబట్టి రండి అన్నారు. కానీ పనిలో చేరేనాటికి తెగని లైను ఉండాలన్నారు."

"అయితే నేను ఇప్పుడే..."

"కూర్చోండి," అంది. ఆయన కూర్చున్నాడు. దుప్పటి నీళ్ళు కుర్చీ కిందికి కారాయి. "ఇందాకట్నుంచి ఇంకొకళ్ళ మాటలు విన్నాను. పెళ్ళైనప్పట్నుంచి మీ మాటలు విన్నాను. ఇప్పుడు నేను మాట్లాడతాను. మధ్యలో కట్ చెయ్యకండి."

ఆవిడ మాట్లాడింది. తీగ కోసిన రోజు దరఖాస్తు సగం నింపి ఉందని చెప్పింది. ఒక్కమాట అని నోరు తెరిస్తే రావద్దన్నారని చెప్పింది. ఎదురింట్లో అన్న ముక్క దగ్గరే ఆపేశారని చెప్పింది. కంపెనీవాళ్ళ మీద కోపం ఆయనది, కానీ తెగింది తన పని అని చెప్పింది. ఇవాళ తాడు ఇటూ అటూ పోతుంటే, ఇంక జన్మలో ఎవరూ తనని పిలవరనిపించిందని చెప్పింది. చెబుతూ ఏడ్చింది, ఏడుస్తూనే చెప్పింది. అద్దాలాయన రెండుసార్లు నోరు తెరిచి, రెండుసార్లూ మూసుకున్నాడు. ఆయన జీవితంలో అంత కష్టమైన పని ఇంకోటి లేదు.

"అర్థమైందా?" అంది చివరికి కళ్ళు తుడుచుకుని.

"అర్థమైంది."

"ఏమర్థమైంది?"

"ముందు నిన్ను అడగాలి," అన్నాడు.

"అయితే అడగండి."

అద్దాలాయన గొంతు సవరించుకున్నాడు. తడి కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, భార్య మొహంలోకి సూటిగా చూశాడు.

"మనింటికి మళ్ళీ తీగ పెట్టించమంటావా?"

ఆవిడ బల్ల సర్దింది. హెడ్‌ఫోన్లు చుట్టి పెట్టింది. కిటికీలోంచి సంచీని లోపలికి లాక్కుని, ఫోను తీసి ఛార్జింగ్ పెట్టింది.

"ఆలోచించి చెప్తాను," అని వంటింట్లోకి వెళ్ళింది.